అప్‌డేట్: ఆ నల్ల టూర్మలిన్ కోయించాను

మడగాస్కర్ రాయి అని కొన్న టూర్మలిన్ అనే నల్ల రత్నానికి టార్చ్ పెట్టినా వెలుగు దాటట్లేదు, ఇది ఉత్త బొగ్గుముక్కేనా అని అడిగాను కదా. అడ్డంగా పల్చటి బిళ్లలు కోయించమని చాలామంది చెప్పారు, సరేనని జైపూర్‌లో రాళ్లు కోసే ఒకాయనకి ఇచ్చాను.

బిళ్లని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే నమ్మబుద్ధి కాలేదండి! అంచున సన్నటి నల్ల పట్టీ, దాని లోపల ముదురు ఆకుపచ్చ, ఆ లోపల ఒకదాంట్లో ఒకటి దూరినట్టు గులాబీ త్రికోణాలు, మధ్యలో మూడు చేతుల నక్షత్రం. అదే స్ఫటికంలో ఇంకాస్త కింద కోసిన బిళ్లలో ఆ నక్షత్రమే లేదు.

టూర్మలిన్‌ని పొడవు వెంట చూస్తే కాంతిని బాగా మింగేస్తుందట, పక్కనుంచి అయితే తక్కువ, పైగా బయటి పొరలో ఇనుము ఎక్కువుంటే మందంగా ఉన్నంతవరకు నల్లగానే కనిపిస్తుంది. గులాబీ రంగు మాంగనీస్‌ది. స్ఫటికం పొరపొరగా పెరిగేటప్పుడు చుట్టూ ఉన్న ద్రవంలో ఏది మారితే అది అలాగే లోపల ఉండిపోతుంది.

ఇది లిడికోటైట్ అనే టూర్మలిన్ రకమేనా అని కొందరు అడిగారు. రత్నశాస్త్ర నిపుణుడు రిచర్డ్ లిడికోట్ గౌరవార్థం 1977లో ఆయన పేరే పెట్టిన ఆ రకంలో సోడియం కంటే కాల్షియం ఎక్కువుండాలి, రంగు చూసి చెప్పలేం, ఎల్బైట్ అనే ఇంకో టూర్మలిన్ రకంలోనూ ఇలాంటి పట్టీలు వస్తాయి. షాపుల వాళ్లు మాత్రం అన్నిటికీ అదే పేరు తగిలించేస్తారు. అమ్ముతారా అని మెసేజ్ పెట్టినవాళ్లకి: లేదండి, ఇవ్వను.