అప్‌డేట్: జింప్‌లో పాత్ గీత పీఎన్‌జీలో రాకపోవడం – సమస్య తీరింది

బెంగళూరులో మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్ల ఉగాది పోస్టరు కోసం జింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పాత్‌తో (బిందువులు పెట్టి గీసే గీతతో) మామిడాకు గీశాను. తెర మీద కనిపించే గీత పీఎన్‌జీ బొమ్మ ఫైలులో ఎందుకు రావడం లేదని ఇంతకుముందు అడిగాను. ఓపికగా జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పాత్ ఏ లేయర్‌కూ (బొమ్మలో ఒకదానిపై ఒకటి ఉండే పొరకు) చెందదు. దానికి విడిగా ఒక ట్యాబ్ ఉంది. అందులో ఉండేవి బిందువులు, వాటిని కలిపే బెజియర్ వంపులు మాత్రమే. రంగు చుక్కైనా ఉండదు. దర్జీ గుడ్డ మీద సుద్దతో వేసుకునే గీత లాంటిది. రంగు పడాలంటే ముందు ఒక పారదర్శక లేయర్‌ను ఎంచుకుని పాత్‌ను స్ట్రోక్ చేయాలి (దాని వెంబడి రంగు గీత వేయించాలి), లేదా సెలెక్షన్‌గా (ఎంచుకున్న ప్రాంతంగా) మార్చి రంగు నింపాలి. ఆ సమయంలో ఏ లేయర్ ఎంపికలో ఉంటే దాని మీదే రంగు పడుతుంది.

నన్ను నిజంగా ఆనందపెట్టింది దిద్దుబాటు. ఆకు కొన మొద్దుగా వచ్చింది. ఆ బిందువు హ్యాండిల్‌ను (వంపును మార్చే పిడిని) కాస్త లాగి, లేయర్‌ను తుడిచి, మళ్లీ స్ట్రోక్ చేశాను. కొన చక్కగా సన్నబడింది! అదే పాత్‌తో నీడను వేరే లేయర్‌లో వేశాను.

జింప్ సొంత ఫైలు రూపమైన ఎక్స్‌సీఎఫ్‌గా భద్రపరిస్తే పాత్‌లు కూడా ఫైలులోనే ఉంటాయి. తోరణం పూర్తికాగానే అవెన్యూ రోడ్డులో ముద్రణకు ఇస్తాను.