గోడౌన్ ఒక మాటా, రెండు మాటలా? అసలు అది ఇంగ్లిషేనా?

గంటస్తంభం, విజయనగరం:
మా నాన్నగారి కాలం నుంచి ఉన్న ధాన్యం గోడౌనుకు మొన్న సంక్రాంతికి రంగులు వేయించాం. బోర్డు రాసే అతను ఇంగ్లిషులో "గో" ఒకచోట, "డౌన్" ఇంకోచోట, మధ్యలో జానెడు ఖాళీ వదిలి రాశాడు. కలిపి రాయమంటే ఒప్పుకోలేదు. "గో అంటే వెళ్ళు, డౌన్ అంటే కిందికి. సరుకు దించుకునే చోటు కదండీ, రెండు మాటలే" అన్నాడు. పక్క కొట్టాయన కూడా అతని మాటే నిజమన్నారు. నాకు చిన్నప్పటి నుంచి అది ఒకటే మాట. పైగా మా తాత దాన్ని గిడ్డంగి అనేవారు. గిడ్డంగికీ గోడౌనుకీ ఏదో చుట్టరికం ఉందని నా అనుమానం. తెలిసినవాళ్ళు చెప్పండి. రెండో కోటు ఇంకా వేయలేదు.

బొబ్బిలి మాస్టారు:
కలిపే రాయాలి బాబూ. ముప్పై ఏళ్ళు ఇంగ్లిషు చెప్పినవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నాకు సందేహం లేదు. విడదీస్తే అది క్రియ అవుతుంది, "కిందికి వెళ్ళు" అని అర్థం. సామాన్లు పెట్టే చోటు అనే అర్థంలో నిఘంటువులన్నీ ఒకే మాటగా ఇస్తాయి. పలికి చూడండి. క్రియలో బరువు "డౌన్" మీద పడుతుంది, నామవాచకంలో "గో" మీద పడుతుంది.

ఇంకో సంగతి. ఇంగ్లిషులో "డౌన్" చివర చేరిన నామవాచకాలు చూడండి: బ్రేక్‌డౌన్, లాక్‌డౌన్, షట్‌డౌన్. అన్నీ జరిగే పనికి పేర్లు. అలా చూస్తే గోడౌన్ అంటే "దిగడం" అని ఉండాలి గానీ గోడలూ కప్పూ ఉన్న కట్టడం అని ఎందుకుంటుంది? ఇది ఇంగ్లిషు అతుకు కాదని నాకు మొదట అనిపించింది అక్కడే.

చీపురుపల్లి కుర్రాడు:
మాస్టారూ, మీ మాట కాదనలేను గానీ పెయింటర్ చెప్పినదాంట్లోనూ న్యాయం ఉంది. మా అమ్మమ్మ ఊళ్ళో ధాన్యం పాతర్లో పోసేవారు. నేలలో గొయ్యి తీసి, లోపల గడ్డి తాళ్ళు చుట్టి, ధాన్యం పోసి, పైన మట్టితో మూసేవారు. ధాన్యం కిందికే కదా వెళ్ళేది! తెల్లవాళ్ళు అది చూసి "గో డౌన్" అని ఉండొచ్చు కదా?

గంటస్తంభం, విజయనగరం:
తమ్ముడూ, పాతర గోడౌను కాదు. నేను రోజూ ఉండే చోటు గురించి చెబుతాను. గోడౌను నేల ఎప్పుడూ రోడ్డుకన్నా ఎత్తులో కడతారు. చెమ్మ ఎక్కకూడదు, వాన నీళ్ళు రాకూడదు, లారీ వెనక తలుపు తీస్తే నేల దాని ఎత్తుకు రావాలి. బస్తాలు నేలకు ఆనకుండా కింద చెక్కలు వేస్తాం. వాటిమీద నెట్టు కట్టేటప్పుడు కళాసీ బస్తా భుజాన వేసుకుని పలక మీదుగా పైకెక్కుతాడు. మా దగ్గర సరుకు పైకే వెళుతుంది, కిందికి కాదు.

వంశధార, కళింగపట్నం:
మాట మనదే. నేను గట్టిగా చెబుతాను. మలయా దేశంలో, అంటే ఇప్పటి మలేషియా వైపు, సరుకులు పెట్టే చోటును గుడాంగ్ అంటారు, గెడోంగ్ అని కూడా అంటారు. ఇండోనేషియాలో ఇవాళ్టికీ గోడౌను బోర్డు మీద "గుడాంగ్" అనే రాస్తారు. ఆ దేశాల వాళ్ళు దక్షిణాది నుంచి వెళ్ళినవాళ్ళను కెళింగ్ అనేవారు, అంటే కళింగులు. మా ఊరి పేరులోనే కళింగ ఉంది. పక్కనే వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలున్నాయి. మన రేవుల నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళు గిడ్డంగిని వెంట తీసుకెళ్ళారు. అక్కడ గుడాంగ్ అయింది, దొరల నోట గోడౌన్ అయింది. దీన్ని ఇంగ్లిషు మాట అనుకుని మనమే రెండు ముక్కలు చేస్తుంటే నాకు బాధగా ఉంది.

బొబ్బిలి మాస్టారు:
మీ బాధ నాకు అర్థమైంది. దారి కూడా చాలావరకు మీరు చెప్పినట్టే ఉంది. యూల్, బర్నెల్ అనే దొరలు కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు 1886లో అచ్చయింది. వారిలో బర్నెల్ మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసినవాడు, దక్షిణాది భాషలు తెలిసినవాడు. ఆ నిఘంటువు గోడౌన్ దగ్గర చెప్పేది ఇది: మాట తూర్పు దీవుల వర్తక స్థావరాల నుంచి, మలయా మాట ద్వారా, ఇక్కడి ఇంగ్లిషులోకి వచ్చింది. అయితే దాని పుట్టుక దక్షిణ భారతంలోనే. తెలుగు గిడంగి, గిడ్డంగి, తమిళ కిడంగు అని రెండు భాషల మాటలూ పక్కపక్కనే ఇచ్చింది. అర్థం "సరుకు పడి ఉండే చోటు".

కాలం కూడా చూడండి. పోర్చుగీసులు మలయా రేవు పట్టణం మలక్కాను పట్టుకున్నది 1511లో. ఆ శతాబ్దంలోనే వాళ్ళ చరిత్రకారులు మలక్కా రాతి గోడౌన్ల గురించి తమ భాషలో ఈ మాటతోనే రాశారు. ఇంగ్లిషు వాళ్ళ ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1600లో. అంటే ఇంగ్లిషువాళ్ళు రాకముందే మాట అక్కడ ఉంది. వాళ్ళ చెవికి "గో", "డౌన్" లాగా వినిపించింది, తెలిసిన రెండు మాటల అక్షరాలు దానికి తొడిగారు. స్పెల్లింగు మాత్రమే ఇంగ్లిషుది.

ఇక తెలుగుదే అనడం దగ్గర నేను ఆగుతాను. తమిళంలో "కిడ" అంటే పడి ఉండు, ఇవాళ కూడా రోజువారీ మాట. మలయాళంలోనూ అంతే. మనం మాత్రం ఆ అర్థానికి వాడుకలో "పడి ఉండు", "పడుకో" అంటున్నాం. వేరు అక్కడ పచ్చగా ఉంటే చెట్టు మనదే అనడం ఎలా? మలక్కాలో కెళింగులని పిలిచినా, వాళ్ళలో ఎక్కువమంది తమిళ వర్తకులే.

వంశధార, కళింగపట్నం:
మాస్టారూ, మీమీద గౌరవంతోనే అడుగుతున్నాను. తమిళంలో అచ్చమైన సొంత మాట దేనికైనా మొదట "గ" పలుకుతుందా? కిడంగు "క"తో మొదలవుతుంది. గుడాంగ్, గోడౌన్, గిడ్డంగి మూడూ "గ"తోనే. ఇది తెలుగు నోటి గుర్తు కాదా?

బొబ్బిలి మాస్టారు:
మంచి పట్టు పట్టారు. దీనికి విలువ ఉంది, కాదనను. కానీ గిడ్డంగిలో "ఇ" ఉంది, గుడాంగ్‌లో "ఉ" ఉంది. అరువు తెచ్చుకున్నవాళ్ళు అచ్చును మార్చగలిగితే హల్లునూ మార్చగలరు. తెలుగు, తమిళాల్లో ఏదో ఒకటి అనేంతవరకు నేను ఒప్పుకుంటాను, అంతకుమించి కాదు.

పలాస అమ్మాయి:
నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. పిక్కల బస్తాలు దిగిన దగ్గర నుంచి మా నోట రోజుకు నలభైసార్లు గొడౌను అనే మాటే. గిడ్డంగి అంటే మా వాళ్ళకు ప్రభుత్వ గిడ్డంగుల సంస్థే గుర్తొస్తుంది. పేపర్లో గోదాము అని రాస్తారు. మాస్టారూ, గోదాము హిందీ గోదాం నుంచి వచ్చింది కదా, మరి హిందీవాళ్ళకు ఎక్కడిది?

బొబ్బిలి మాస్టారు:
ఆ నిఘంటువు ప్రకారం హిందీ, బెంగాలీ మాటలు కూడా ఈ గోడౌన్ నుంచి వచ్చినవే అమ్మా. అంటే మీ ఫ్యాక్టరీలో గొడౌను, పేపర్లో గోదాము, ప్రభుత్వ బోర్డు మీద గిడ్డంగి, మూడూ ఒక ఇంటివే. ఒకటి ఇంట్లోనే ఉండిపోయింది, ఒకటి సముద్రం చుట్టి వచ్చింది, ఇంకొకటి ఉత్తరాది మీదుగా వచ్చింది.

చీపురుపల్లి కుర్రాడు:
పాతర మాట వెనక్కి తీసుకుంటున్నాను మాస్టారూ. కానీ ఆ "దించుకునే చోటు" కథ మా క్లాసులో కూడా చెప్పారు. చాలామంది నమ్ముతారు.

గంటస్తంభం, విజయనగరం:
పెయింటర్‌ను ఈ ఉదయం పిలిచాను. ఇదంతా చదివి వినిపించాను. "డౌన్ కాదన్నమాట" అని కాసేపు బోర్డు వైపు చూసి, మధ్య ఖాళీ చెరిపేసి ఇంగ్లిషు మాట కలిపి రాశాడు. దానిపైన తెలుగులో పెద్దక్షరాలతో గిడ్డంగి అని రాయించాను. అది తాత కోసం. "డ్డ" కింద వత్తు సరిగ్గా రాలేదు, రేపు దిద్దుతానన్నాడు.