రివ్యూకి రాని కంటి పేషెంట్లు: మళ్లీ రప్పించడం ఎలా?

ప్రశ్న (విజన్ సెంటర్ ఇన్‌చార్జ్)
శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు మర్నాడు కట్టు విప్పించుకోడానికి తప్పకుండా వస్తారు. నీటికాసులు (గ్లకోమా) ఉన్నవాళ్లు, షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక పొర) దెబ్బతిన్నవాళ్లు మాత్రం రెండోసారి కనపడరు. కార్డు మీద "రివ్యూ 3/12" అని రాసిస్తున్నాం, ఎస్సెమ్మెస్ కూడా పంపుతున్నాం. ఫోన్లు చేయడానికి మనిషి ఒక్కరే. ఎక్కడ మొదలుపెట్టాలి?

గ్లకోమా కౌన్సెలర్
శుక్లం తీస్తే తేడా వాళ్లకే తెలుస్తుందండీ. నీటికాసులకి ఏడాదంతా చుక్కలు వేసినా కొత్తగా ఏమీ కనపడదు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబడాలనే ఆ వైద్యం. నొప్పి ఉండదు, ముందు పక్కచూపు పోతుంది. అందుకే "బాగానే కనిపిస్తోందిగా" అంటారు. ఈ ముక్క మొదటి రోజే, ఇంట్లోవాళ్ల ఎదురుగా చెప్పాలి.

ఇంకో చిక్కు మెడికల్ షాపు. పాత చీటీ చూపిస్తే చుక్కలు ఇచ్చేస్తారు. మందు దొరుకుతోంది కదా, వైద్యం సాగుతున్నట్టే అనుకుంటారు. కంటి ప్రెషర్ కొలిచే నాథుడు ఉండడు. ఫోన్‌లో "సీసా ఎప్పుడు కొన్నారు?" అని అడగండి. నీటికాసులకి రోజుకో చుక్క వేసే లాటానోప్రోస్ట్ మందు 2.5 ఎమ్మెల్ సీసాలో సుమారు 80 చుక్కలుంటాయి, తెరిచాక నాలుగు వారాలే వాడాలి. రెండు కళ్లకీ వేసేవాళ్లకి రెండు నెలల కిందటి సీసాయే ఇంకా నడుస్తోందంటే రోజూ వేయట్లేదన్నమాట.

ఆప్టోమెట్రిస్ట్
రెటీనా వాళ్ల సంగతి వేరు. రెటీనా చూడటానికి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే నాలుగైదు గంటలు మసక, ఎండ చూడలేరు, బండి నడపకూడదు. తోడు కావాలి, అంటే రెండు కూలీలు పోతాయి. పత్తి తీసే రోజుల్లో తేదీ ఇస్తే ఎవరు వస్తారు? "ఏ వారం వీలవుతుంది?" అని వాళ్లనే అడిగి రాయండి. కొందరు షుగర్ పేషెంట్లు రక్తపరీక్ష అనుకుని పరగడుపున వస్తారు. టిఫిన్ తిని, మాత్రలు వేసుకుని, తోడు మనిషితో రమ్మని కార్డు మీదే ఉండాలి.

ఫాలోఅప్ చూసే మనిషి
ఒక్కరే ఉంటే జబ్బుని బట్టి వరస పెట్టుకోండి. నల్లగుడ్డు మీద పుండు, ఆపరేషన్ అయిన మొదటి వారం: రాకపోతే ఆ రోజే ఫోన్. కంట్లో ఇంజెక్షన్, లేజర్, చూపున్నది ఒక్క కన్నే అయిన నీటికాసులవాళ్లు, ఒక కన్ను బలహీనమై మంచి కంటికి ప్యాచ్ కట్టే పిల్లలు: ఆ వారంలోపు. కళ్లజోడు మార్చుకునేవాళ్లు ఆఖరున.

కేస్ షీట్‌లో నంబరు తరచూ పట్నంలో ఉండే కొడుకుది. ఇంట్లో ఉండే ఇంకో నంబరు తీసుకుని, మనిషి కౌంటర్ దగ్గరుండగానే ఒకసారి మోగించండి. పొలం నుంచి వచ్చాక, సాయంత్రం ఏడు దాటాక చేయండి. "ఎందుకు రాలేదు" అనకండి, "చుక్కలు ఉన్నాయా?" అనండి. కారణం ఒక్క మాటలో రిజిస్టర్లో రాయండి: డబ్బు, తోడు, పని, భయం. డబ్బన్నవాళ్లకి మళ్లీ తేదీ చెప్పి లాభం లేదు. ఖర్చెంత, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో కనుక్కుని చెప్పాలి. మూడు ఫోన్లకీ దొరకకపోతే ఆశా వర్కర్‌కి కబురు.

ప్రశ్న అడిగినవారు
కార్డు మీద రాసే "రివ్యూ 3/12" సంగతి ఎవరూ అనలేదు. అది సరిపోతుందా?

ఆప్టోమెట్రిస్ట్
అయ్యో, అది చూసుకోలేదండీ. 3/12 అంటే డాక్టర్ లెక్కలో మూడు నెలలు, పేషెంటుకి డిసెంబరు 3. జనవరిలో రాసిస్తే ఆయన డిసెంబరుకే వస్తాడు. తేదీ, నెల, వారం తెలుగులో పూర్తిగా రాయించండి.