తగ్గించాల్సింది సమయాన్నా, మార్చుకోవాల్సింది తీరునా?

రాత్రి పడుకునే ముందు గంటన్నర సేపు ఇతరుల ఫొటోలు, వీడియోలు చూస్తూ ఉండిపోతాను. ఎవరినీ పలకరించను, దేనికీ స్పందించను. ఫోను పక్కన పెట్టేసరికి ఏదో వెలితి. అదే దూరాన ఉన్న అక్కతో అరగంట వీడియో కాల్‌లో మాట్లాడితే మనసు తేలికపడుతుంది. రెండూ ఒకే తెర మీదే కదా!

కాస్త చదివి చూశాను. ఇంటర్నెట్ ఎక్కువగా వాడినవారిలో ఒంటరితనం, దిగులు కొంత పెరిగాయని 1998లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రాశారు. 2002లో అదే బృందం ఆ చెడు ప్రభావం చాలావరకు తగ్గిపోయిందని చెప్పింది. 2020లో అచ్చయిన ఒక అధ్యయనంలో నాలుగు వారాలు ఫేస్‌బుక్ మానేసినవారి సంతోషం పెరిగింది. అదీ కొద్దిగానే, అద్భుతమేమీ కాదు.

నా చిక్కు వేరు. దిగులుగా ఉన్న రోజున ఎక్కువ చూస్తున్నానా, ఎక్కువ చూడటం వల్ల దిగులు వస్తోందా? రెండు వారాలుగా పుస్తకంలో రాసుకుంటున్నా తేలడం లేదు.

మీలో ఎవరైనా మాటామంతీ అలాగే ఉంచుకుని, ఊరికే చూస్తూ కూర్చోవడం ఒక్కటే తగ్గించుకోగలిగారా? ఎలా? నేను యాప్ తీసేసి మూడో రోజే మళ్లీ పెట్టుకున్నాను (నవ్వకండి). వార్తలు చదవడాన్ని ఏ లెక్కలో వేయాలి? ఆటలను? ఫోను పూర్తిగా మానేయమని మాత్రం చెప్పకండి, నా ఉద్యోగమే దాని మీద నడుస్తోంది.