వెల్డింగ్ కింద పరచడానికి మామూలు గ్లాస్ క్లాత్ చాలదా?

పరవాడ_సేఫ్టీ
వచ్చే వారం మా ఫార్మా యూనిట్‌లో షట్‌డౌన్, రిపేర్ల కోసం ప్లాంట్ ఆపుతున్నాం. పైప్ రాక్ (పైపులు మోసే ఎత్తైన ఇనుప చట్రం) మీద వెల్డింగ్ ఉంది. సరిగ్గా దాని కిందే కేబుల్ ట్రే, కొంచెం పక్కన సాల్వెంట్ పంపులు. పంపులు ఖాళీ చేసి కడిగిస్తున్నాం, ట్రేని మాత్రం కదపలేం. దాని మీద పరచడానికి సిలికా క్లాత్ (గాజు కన్నా ఎక్కువ వేడి ఆగే సిలికా పోగుల గుడ్డ) అడిగాను. పర్చేజ్ వాళ్లేమో గ్లాస్ క్లాత్ (గాజు పోగులతో నేసిన గుడ్డ) 550 డిగ్రీలు ఆగుతుందని డేటా షీట్‌లో ఉంది, అది చాలంటున్నారు. చేసినవాళ్లు చెప్పండి.

లాగింగ్_కాంట్రాక్టర్
చాలు. 22 ఏళ్లుగా అదే వాడుతున్నాం. రవ్వ కిందికి పడేలోపే ఆరిపోతుందండీ. సిలికా రేటు చూశారా?
(తర్వాత చేర్చింది: నిలువు తెరకి మాత్రమే. కింద చర్చ చదవండి.)

పాత_వెల్డర్
గ్రైండింగ్ రవ్వ ఆరిపోవచ్చు. వెల్డింగ్ బొట్టు ఆరదు. కరిగిన ఉక్కు 1500 డిగ్రీలు ఉంటుంది. మామూలు గ్లాస్ క్లాత్ నేసే గాజు, ‘E’ గ్లాస్ అంటారు, 550 దాకా నిలబడుతుంది, 840 దగ్గర మెత్తబడిపోతుంది. వేలాడదీసిన గుడ్డ మీద బొట్టు పడితే జారిపోతుంది. పరిచిన గుడ్డ మీద పడితే అక్కడే కూర్చుని కాలుస్తుంది, మడతలో పడితే మరీను. అమెరికావాళ్ల ఎఫ్‌ఎం 4950 ప్రమాణం ఊరికే కర్టెన్, బ్లాంకెట్, ప్యాడ్ అని మూడు రకాలు పెట్టలేదు. కర్టెన్ నిలువుగా కట్టడానికి, బ్లాంకెట్ ఓ మోస్తరు పనికి కింద పరచడానికి, ప్యాడ్ బొట్లు ఎక్కువగా పడేచోట పరచడానికి. మీరు 22 ఏళ్లుగా వాడినది ఎక్కువగా కర్టెన్‌లాగే అయ్యుంటుంది.

జీడిమెట్ల_స్టోర్స్
3 మిల్లీమీటర్ల మందం గ్లాస్ క్లాత్ తీసుకుంటే 550 కాస్తా 800 అవుతుందా?

పాత_వెల్డర్
అవదు. మందం పెరిగితే వేడి అవతలికి దిగడం ఆలస్యమవుతుంది. గాజు మెత్తబడే వేడి మారదు.

లాగింగ్_కాంట్రాక్టర్
సిలికా కూడా శాశ్వతం కాదు. 1000 డిగ్రీలంటారు గానీ ఎర్రగా కాలినచోట పెళుసుబారి మడత దగ్గర విరిగిపోతుంది. ఇక సిలికోన్ పూత ఉన్న గుడ్డ తెస్తే, ఆ పూత 260 దాటితే పొగే. ఆ పొగకి కంట్రోల్ రూమ్ వాళ్లు పరిగెత్తుకొచ్చి పని ఆపించారు ఓసారి. నేను అడిగేది ఒకటే, పూత ఉందా లేదా ముందు చూడండి.

పాత_వెల్డర్
పూత సంగతి ఎవరడిగారండీ? కింద ట్రే ఉంది, పైన బొట్టు పడుతుంది. దానికి జవాబు చెప్పండి.

కొత్త_ఫిట్టర్
మాకు గ్లాస్ క్లాత్ కోస్తే ఒళ్లంతా దురద. ఇది కూడా ఆస్‌బెస్టాస్‌లాగా కాన్సర్ తెస్తుందా?

పరవాడ_సేఫ్టీ
లేదు తమ్ముడూ. ఈ నేసే పోగులు 6 మైక్రాన్లు, అంతకన్నా లావు. ఊపిరితిత్తుల లోతుకి వెళ్లేవి 3 కన్నా సన్ననివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ వీటిని 3వ గుంపులో పెట్టింది, అంటే కాన్సర్ కారకమని తేల్చలేదు. అయినా కోసేటప్పుడు మాస్క్, పొడుగు చేతుల చొక్కా వేసుకో. గోకకుండా చన్నీళ్లతో కడుక్కో.

పాత_వెల్డర్
కాంట్రాక్టర్ గారూ, ఇంకా జవాబు రాలేదు. 2011లో చిల్లులు పడ్డ గ్లాస్ క్లాత్‌లోంచి బొట్టు జారి కిందున్న నా హెల్పర్ వీపు మీద పడింది. రిపోర్టులో ‘కార్మికుడి అజాగ్రత్త’ అని రాశారు. ఆ గుడ్డ ఎవరిచ్చారో ఒక్కరూ రాయలేదు. కాలేది మీ వీపు కాదు గనకే చాలంటున్నారు.

లాగింగ్_కాంట్రాక్టర్
మాటలు జాగ్రత్త. నా కుర్రాళ్లు నా ఊరివాళ్లే, వాళ్ల అమ్మానాన్నలకి నేను మొహం చూపించాలి. పోయిన షట్‌డౌన్‌కి ఒక కంపెనీలో సొంత డబ్బుతో సిలికా క్లాత్ తెచ్చాను. వర్క్ ఆర్డర్‌లో లేదని బిల్లులో ఆ వరస కొట్టేశారు. గుడ్డ మాత్రం వాళ్ల స్టోర్‌లోనే ఉండిపోయింది. ‘అన్నీ కలుపుకొని’ అని రేటు రాయించుకుని, పై పెచ్చు సిలికా కావాలంటే ఎక్కణ్ణుంచి తేవాలి? సిలికా వద్దని నేననలేదు. నా చేతి నుంచి పెట్టలేనంటున్నాను.

పాత_వెల్డర్
ఆ మాటే మొదట రాసుంటే నేను మీ పక్కనే నిలబడేవాణ్ణి. మీరు ‘చాలు’ అని రాశారు. పర్చేజ్ వాళ్లు ఆ ఒక్క మాటే ప్రింట్ తీసి ఫైల్లో పెడతారు.

పరవాడ_సేఫ్టీ
అవును, పెడతారు. ఈ పొద్దున నాకు చూపించింది కూడా ఒక కాంట్రాక్టర్ ఇచ్చిన అలాంటి కాగితమే. సిలికా క్లాత్‌ని విడి ఐటమ్‌గా, మీటర్ల లెక్కన వర్క్ ఆర్డర్‌లో పెట్టమని రాస్తున్నాను. చిల్లుపడ్డ గుడ్డ కనిపిస్తే హాట్ వర్క్ పర్మిట్ (వెల్డింగ్‌లాంటి నిప్పు పనికిచ్చే అనుమతి కాగితం) మీద సంతకం పెట్టను.

లాగింగ్_కాంట్రాక్టర్
ఐటమ్ ఉంటే రేపే తెస్తాను. నా మొదటి పోస్టు కింద ఒక వాక్యం చేర్చాను, చూడండి.

పాత_వెల్డర్
చూశాను. సేఫ్టీ గారూ, ముక్క మీద ముక్క జానెడు ఎక్కేలా పరిపించండి, ట్రే అంచుల దగ్గర కిందికి మడిపించండి. రవ్వలు 35 అడుగుల దాకా ఎగురుతాయని లెక్క వేసుకుని పంపుల వైపు కూడా ఒక తెర కట్టించండి. దానికి గ్లాస్ క్లాత్ చాలు. పని ఆగాక గంటసేపు ఫైర్ వాచర్‌ని, అంటే మంటలు రాకుండా కాపలా ఉండేవాణ్ణి, టీకి కూడా పంపకండి.