స్వర్ణముఖి వరద: తీగల మీది ఆల్చిప్పలు నోరు తెరుస్తున్నాయి, ఏం చేయాలి?

కోట_మండలం:
వాకాడు వైపు ఉప్పుటేట్లో కొయ్యలకు వేలాడదీసిన ఆల్చిప్పలు. తుపాను ముందు సెలినిటీ (నీళ్లలో ఉప్పు) 27 పిపిటి, అంటే వెయ్యికి 27 పాళ్లు, ఇప్పుడు పైనీళ్లలో 4. నీటి వేడి 28 డిగ్రీలు. వారం కావస్తోంది. తీగలు ఎత్తాలా, దించాలా? రోహిణి కార్తెలోనూ కొన్ని చచ్చాయి, అప్పుడు నీళ్లు బాగా ఉప్పగానే ఉన్నాయి.

పోటూపాటూ:
4 అనేది పైనీటి లెక్క. మంచినీళ్లు తేలిక కాబట్టి పైన పారతాయి, ఉప్పునీళ్లు అడుగున ఉంటాయి. సీసాకు రాయి కట్టి, బిరడాకు దారం వేసి, తీగ వేలాడే లోతులో, అడుగున కూడా దారం లాగండి. పాటు (సముద్రపు నీరు వెనక్కి తగ్గే వేళ) చివర కొలవండి, అదే కనిష్ఠం. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను డిస్టిల్డ్ వాటర్‌తోనే సున్నాకు తేవాలి, బోరు నీళ్లతో కాదు. ఎండలో చుక్క ఆరినా రీడింగ్ పెరిగిపోతుంది. అడుగున 10 దాటితే దించండి.

పులికాట్‌లో ఈ ఉపాయం పనిచేయదు. లోతు తక్కువ, గాలికి నీళ్లన్నీ కలిసిపోతాయి.

చిప్పలోడు:
దించండి గానీ బురదకు మూరెడు పైనే ఆపండి. ఒండ్రు పేరుకుంటే ఊపిరాడదు.

అసలు సంగతి, సెలినిటీని వేడితో కలిపే చూడాలి. మంచినీళ్లు తగలగానే ఆల్చిప్ప నోరు బిగిస్తుంది. లోపల ఆక్సిజన్ అయిపోతే అది లేకుండానే బతుకుతుంది, ఆ క్రమంలో పుట్టే ఆమ్లాన్ని తన చిప్పలోని సున్నంతోనే విరుస్తుంది. నీళ్లు చల్లగా ఉంటే ఇలా వారాలు లాగుతుంది. 28 డిగ్రీల్లో ఖర్చు ఎక్కువ, గడువు తక్కువ.

ఎండాకాలం చావులు వేరు. వేడి, ఉప్పు పెరిగేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, పెర్కిన్సస్ అనే పరాన్నజీవికీ అదే అనుకూలం. పైగా పాటులో నీటిపైన తేలిన తీగ ఎండకు ఉడికిపోతుంది. మే నెలలో పాటులోనూ మునిగి ఉండేలా కట్టండి. నాచు, గవ్వపురుగులు ఎక్కువ పడతాయి, గీకక తప్పదు.

కోట_మండలం:
అడుగున పాటు చివర 11. దించుతున్నా. తెరిచినవాటిని ఏరేయాలా?

పోటూపాటూ:
వేలితో తట్టండి. గబుక్కున మూసుకుంటే వదిలేయండి, మూసుకోకపోతే తీసేయండి. మూసి ఉన్నా రెండు చిప్పలు తాకించినప్పుడు డొల్లగా మోగితే అదీ చచ్చినట్టే. కుళ్లింది తీగమీదుంటే పక్కవాటికీ చేటు. వరద తగ్గేదాకా అమ్మకం ఆపండి. వెచ్చని చప్పనీళ్లలో విబ్రియో అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, ఊళ్ల మురుగూ ఏట్లోకే వస్తుంది. పచ్చిగా అసలే వద్దు.

వచ్చే వరదకు, శ్రీకాళహస్తి దగ్గర ఏరు పొంగిన కబురు రాగానే తీగలు దించేయండి, ఇక్కడ నీళ్లు రంగు మారేదాకా చూడకండి.