ఆదరణ కూడిక అయిపోయింది, ఏడుపు మాత్రం ఆగలేదు

గాజువాక_సిస్టర్
అందరికీ వందనాలు. మా ఆయన గుండెపోటుతో పోయాక ఇది రెండో క్రిస్మస్. మా చర్చి సంఘంవాళ్ళు మంచివాళ్ళే, కాదనను. కేరియర్లు తెచ్చారు, పిల్లాడి ఫీజు కట్టారు. కానీ ఆయన పోయాక మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ప్రార్థన, అదే ఆదరణ కూడిక, అయిన దగ్గర్నుంచీ "దేవుడు నిన్నెలా ఆదరించాడో సాక్ష్యం చెప్పమ్మా" అని ఒకటే అడగడం. ఏం చెప్పను? పాటలు మొదలవగానే నేను లేచి బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడతాను. ఏటా డిసెంబరు రాగానే ఆయన మేడ మీద స్టార్ కట్టేవారు. ఇనప పైపుకి ఆయన చుట్టిన బైండింగ్ వైరు ఇంకా అలాగే ఉంది, తుప్పు పట్టి. బట్టలు ఆరెయ్యడానికి వెళ్తే అటు తల తిప్పను. విశ్వాసం పోలేదండీ. ప్రార్థన చేస్తూనే ఉన్నాను. తేరుకోవడమే కుదరట్లేదు. మీకెవరికైనా ఇలా అయిందా?

కృపామయుడు_77
ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. దుఃఖానికి చోటిస్తే అది గూడు కట్టుకుంటుంది. ఉపవాసముండి ప్రార్థించండి. నన్ను దేవుడు ఒక్క రాత్రిలో తాగుడు నుంచి విడిపించాడు, ఆ మర్నాటి నుంచీ ముట్టలేదు. ఆయనకి అసాధ్యమైనది లేదు.

వాల్తేరు_అప్‌ల్యాండ్స్
బ్రదర్, మీకు జరిగినదాన్ని ఎవరూ కాదనరు. కానీ అందరికీ అదే కొలత పెట్టకండి. మార్కు సువార్త 8వ అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాణ్ణి చూడండి. యేసు చెయ్యి వేశాక "ఏమైనా కనబడుతోందా" అని అడిగితే, మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు కనిపిస్తున్నారన్నాడు. ఉన్నమాట చెప్పాడు. నీకు విశ్వాసం చాలలేదని ఆయన కోప్పడలేదు, రెండోసారి చెయ్యి వేశాడంతే. నాకు ఇంకా నచ్చేది దానికి ముందు జరిగింది. వాణ్ణి చెయ్యి పట్టుకుని ఊరి బయటికి తీసుకెళ్ళాడు. జనం ముందు నిలబెట్టలేదు. అక్కా, మైకు పట్టుకోమంటే "ఇంకా చెట్లే కనబడుతున్నాయి" అని చెప్పి కూర్చోండి. అదీ సాక్ష్యమే.

మర్రిపాలెం_కుర్రోడు
నాది చావు దుఃఖం కాదక్కా, మా నాన్న గొడవ. తాగొచ్చి అమ్మని కొట్టీవోడు. ఆయన పోయాక పాస్టరు గారు "క్షమించీ, భారం దిగిపోద్ది" అన్నారు. క్షమించీసినానని అన్నాను కూడా. ఏటి దిగింది? ఎవరింట్లోనైనా గట్టిగా తలుపేస్తే ఇప్పటికీ గుండె దడ. సమాధుల పండక్కి అమ్మతో వెళ్ళి గోరీకి సున్నం కొట్టీవోణ్ణి, నోట మాట వచ్చీది కాదు. ఓ ఏడు మాత్రం బకెట్ పక్కన పెట్టి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టీసినాను. పక్క గోరీవాళ్ళు చూస్తన్నారు, అమ్మేమీ అనలేదు. ఆ తర్వాత కూకుని అదే గోరీకి రెండో కోటు వేసినాను. క్షమాపణ అప్పుడే మొదలైందనుకుంటాను. పూర్తయిందని ఇప్పటికీ అన్ను.

కృపామయుడు_77
తమ్ముడూ, తండ్రిని తిట్టడం వాక్యానుసారమా?

వాల్తేరు_అప్‌ల్యాండ్స్
బైబిలు కీర్తనల్లో ఎన్నో దేవుడికి చేసిన ఫిర్యాదులే కదా బ్రదర్. 13వ కీర్తన "ఎంతకాలము" అనే మొదలవుతుంది. 88వది చదవండి, చివరి వచనం కూడా చీకటి దగ్గరే ఆగిపోతుంది, స్తుతితో ముగియదు. అయినా దాన్ని బైబిల్లోంచి తీసెయ్యలేదు. మన ఆరాధన పాటల్లో అలాంటిది ఒక్కటైనా ఉందా? ఉంటే సిస్టర్ గారు చెప్పుల దగ్గరికి వెళ్ళాల్సిన పనుండదు.

స్టాఫ్‌నర్సు_ఎంవీపీ
సిస్టర్, నేను సంఘంలోనూ ఉన్నాను, వార్డులోనూ ఉన్నాను కాబట్టి రెండూ చెప్తాను. మనిషి పోతే ఏడవడం జబ్బు కాదు, తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ప్రభువే ఏడ్చాడు. కానీ ఆరు నెలలు దాటాక కూడా వంట, ఉద్యోగం, పిల్లల సంగతి ఏదీ సాగనివ్వనంతగా పట్టేసే దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో, ఐసీడీ-11లో, విడిగా చేర్చింది. మీది అదో కాదో ఇక్కడ మేమెవరం చెప్పకూడదు, డాక్టరు చెప్పాలి. నిద్ర పడుతోందా? బరువు తగ్గారా? ఒకవేళ డిప్రెషన్ అని మాత్రలు రాస్తే మర్నాటికే తేడా కనబడదు, కొన్ని వారాలు పడుతుంది. ముందు కాస్త కడుపులో తిప్పొచ్చు. "ప్రార్థన చేయించుకున్నాం, ఇంకెందుకు" అని మధ్యలో మానేసి మళ్ళీ కిందపడ్డవాళ్ళని చాలామందిని చూశాను. డాక్టరుకి చెప్పకుండా ఆపొద్దు. బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు, లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి పెట్టాడు.

ఎప్పుడైనా బతకాలని లేదనిపిస్తే అర్ధరాత్రయినా 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అని 2022లో కేంద్రం పెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

డాల్ఫిన్స్‌నోస్_అమ్మాయి
మేం కేథలిక్‌లం. గర్భం దానంతటదే పోయాక (మూడో నెల, ఎవరికీ చెప్పుకోలేదు) నాకు ప్రార్థనలో మాటలు రావడం మానేశాయి. జపమాల మాత్రం తిప్పేదాన్ని. సొంతంగా మాటలు వెతుక్కోనక్కర్లేదు కదా, అదే సుఖం. డిసెంబరు 8న విశాఖ రాస్ హిల్ కొండ మీద మరియమాత పండక్కి అత్తయ్య లాక్కెళ్ళింది. మెట్లెక్కి మాత గుడి దగ్గర కూర్చుంటే కింద హార్బర్లో ఓడలు కదులుతున్నాయి. అత్తయ్య వేరుశనక్కాయలు ఒలిచి చేతిలో పెడుతూ, తనకీ ఒక బిడ్డ అలాగే పోయిందని చెప్పింది. అన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదట. అద్భుతమేమీ జరగలేదు. ఆ రాత్రి నిద్ర పట్టింది.

కృపామయుడు_77
అమ్మాయ్, నీ మాట చదివాక నేనింకేం వాదించను. గాజువాక సిస్టర్ గారూ, ఉపవాసం మీ తరఫున మా ఇంట్లో మేముంటాం. మీరు వేళకి తినండి.

మర్రిపాలెం_కుర్రోడు
అదీ మాట అన్నయ్యా. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు పక్కన ఆయన స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా కూకున్నంతసేపూ మంచోళ్ళే, నోరు తెరిచాకే పాడైనారు 😀

గాజువాక_సిస్టర్
అందరివీ చదివాను. కొన్ని రెండేసిసార్లు. నిద్ర లేదు నర్సు గారూ, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తే ఇంకంతే. బరువు కూడా తగ్గాను, జాకెట్లన్నీ కుట్లు వేయించుకున్నాను. మా పాస్టరమ్మ గారికి ఈ పేజీ చూపించాను. ఇకమీదట సాక్ష్యం ఎవరూ అడగరని చెప్పారు. పాటల వేళ తనూ నాతో బయటికొచ్చి నిలబడతానన్నారు, నవ్వొచ్చింది. స్టార్ సంగతి ఈ ఏడు తేల్చుకోలేను, పిల్లాణ్ణే అడుగుతాను. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి మా ఆడపడుచు తోడొస్తానంది. "పిచ్చాసుపత్రికా" అని మా అత్తగారు ఒకటే గొడవ, అది మేం చూసుకుంటాం. ఏమేం పట్టుకెళ్ళాలి?

స్టాఫ్‌నర్సు_ఎంవీపీ
ఆధార్ పట్టుకెళ్ళండి. ఓపీకి పొద్దున్నే వెళ్తే నయం. బీపీకో షుగరుకో ఏమైనా వాడుతుంటే ఆ చీటీ, మాత్రల అట్టలు కూడా. నిద్ర, తిండి, మెలకువ వచ్చే టైము ఒక కాగితం మీద రాసుకోండి, డాక్టరు ముందు కూర్చున్నాక సగం మర్చిపోతాం. ఆడపడుచు గారిని లోపలికి కూడా రానివ్వండి, మీరు దాచేవి ఆవిడ చెప్తారు.